కీళ్లవాతం సూది: ఫ్రిజ్ ఎందుకు, టీబీ పరీక్ష ఎందుకు

అడలిముమాబ్ మందు పెట్టె విప్పితే సిరంజితో పాటు మడతలు పెట్టిన పొడవాటి కాగితం ఒకటి బయటికొస్తుంది. చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్చరికలు వరుసగా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టనివ్వకండి, కుదపకండి, జ్వరం ఉంటే వేసుకోకండి, ముందే టీబీ పరీక్ష చేయించండి, ఫలానా టీకాలు వద్దు. హైదరాబాదులోనో బెంగళూరులోనో తిరుపతిలోనో డాక్టరుకు చూపించుకుని, రాత్రి బస్సులో కర్నూలుకో అనంతపురానికో కడపకో తిరిగొచ్చే మనిషికి ఇవన్నీ గుర్తుండవు. గుర్తున్నా, ఎందుకో తెలియని నియమాన్ని ఎవరైనా ఎన్నాళ్లు పాటిస్తారు?

నిజానికి ఆ జాబితా అంతా రెండు సంగతుల నుంచే పుట్టింది. ఈ మందు ఒంట్లోని టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. ఇది మొదటిది. ఈ మందు రసాయనపు బిళ్ల కాదు, ప్రొటీన్. ఇది రెండోది. టీబీ పరీక్షలు, జ్వరం జాగ్రత్తలు, టీకాల సంగతి మొదటిదాని కింద వస్తాయి. ఫ్రిజ్, సూది, ధర రెండోదాని కింద వస్తాయి.

అయితే ముందు, ఈ సూది ఎవరికి అన్నది తేలాలి. వయసు మీద పడి మోకాళ్లు అరిగినవారికి ఇది పనికిరాదు. కీళ్ల జబ్బుల్లో, రోగనిరోధక వ్యవస్థే సొంత కీళ్ల మీద తిరగబడేవాటికి మాత్రమే ఇది: రుమటాయిడ్ ఆర్థరైటిస్, వెన్నెముకను బిగదీసే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, సోరియాసిస్‌తో వచ్చే కీళ్ల జబ్బు, పిల్లల్లో వచ్చే కొన్ని రకాలు. అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. వాపు జబ్బు దీనికి తలకిందులు. పొద్దున లేవగానే వేళ్లు మడవడానికి రావు, చెంబు పట్టు దొరకదు, రవిక హుక్కు పెట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. అరగంటో గంటో గడిచి, పనిలో పడ్డాక గానీ కీళ్లు వదులు కావు.

రాయలసీమలో రోగ నిర్ధారణకు రెండు అదనపు చిక్కులున్నాయి. 2006లో ఈ జిల్లాలను ఊపేసిన చికున్ గున్యా ఆ తర్వాతా పూర్తిగా వదిలిపోలేదు. ఆ జ్వరం తగ్గాక కొందరికి నెలల తరబడి కీళ్లు వాస్తాయి, చూడటానికి అచ్చం రుమటాయిడ్‌లాగే ఉంటుంది. చాలామందికి అది కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. రెండో చిక్కు నీళ్లలో ఉంది. అనంతపురం ప్రాంతంలో ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారిలో లిగమెంట్లు ఎముకలా గట్టిపడి నడుము, మెడ బిగుసుకుపోతాయి. పైపైన చూస్తే స్పాండిలైటిస్ అనిపిస్తుంది. ఆ బిగువుకు ఈ సూది ఏమీ చేయలేదు. అందుకే ఎక్స్‌రేలు, అవసరమైతే ఎంఆర్ఐ, రక్తంలో సీఆర్పీ, యాంటీ సీసీపీ, హెచ్ఎల్ఏ బీ27 వంటి పరీక్షలన్నీ చూసుకున్నాక, ఎప్పటి నుంచి ఏ నీళ్లు తాగుతున్నారో కూడా అడిగే డాక్టరు దొరికితే మీ అదృష్టం. అడగకపోతే మీరే చెప్పండి.

రుమటాయిడ్‌లో సూది మొదటి మెట్టు కూడా కాదు. ముందు మెథోట్రెక్సేట్, దానితో పాటో దాని బదులో సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, లెఫ్లునోమైడ్ వాడి చూస్తారు. మూడు నెలల్లో చెప్పుకోదగ్గ మార్పు, ఆరు నెలల్లో అనుకున్నంత ఫలితం రాకపోతే అప్పుడు సూది సంగతి ఆలోచిస్తారు. సూది మొదలయ్యాక కూడా మెథోట్రెక్సేట్ చాలాసార్లు కొనసాగుతుంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మందు. ప్రతిరోజూ మింగే బిళ్ల అనుకుని వాడి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. సోమవారమో మంగళవారమో, అది ఏ వారమో చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. బిళ్లల డబ్బా సర్దే కొడుకుకో కోడలికో ఆ వారం పేరు నోటికి రావాలి.

ఇక టీఎన్ఎఫ్ సంగతి. వాచిన కీలులో మంట పుట్టించే పదార్థాలు ఒకటీ రెండూ కాదు, పెద్ద గుంపే ఉంటుంది. వాటిలో ఒక్కదాన్ని ఆపితే ఒరిగేదేముంది, మిగతావి తమ పని తాము చేసుకుపోతాయి అని 1980లలో చాలామంది శాస్త్రవేత్తలు అనుకునేవారు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, పంజాబులో పుట్టి అక్కడ స్థిరపడ్డ రవీందర్ మైనీ కలిసి రోగుల కీళ్ల నుంచి తీసిన కణజాలం మీద ప్రయోగాలు చేశారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే దాని వెనక వచ్చేవి కూడా తగ్గుతున్నాయని తేలింది. 1992లో చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో మొదటిసారి రోగులకు అలాంటి మందు ఎక్కించారు. ఏళ్లుగా మంచం దిగడానికే కష్టపడినవారు కొద్ది వారాల్లోనే తేలిగ్గా తిరగగలిగారు. 2003లో ఆ ఇద్దరికీ లాస్కర్ బహుమతి వచ్చింది. అడలిముమాబ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 2002 ఆఖరున. ఎటానర్సెప్ట్ అంతకు ముందే, 1998లో వచ్చింది. ఈ కుటుంబంలో మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు ఈ రెండూ, నరానికి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్. స్పాండిలైటిస్‌కూ సోరియాసిస్ కీళ్ల జబ్బుకూ రాసే సెక్యూకినుమాబ్ పట్టేది టీఎన్ఎఫ్‌ను కాదు, ఐఎల్ 17 అనే ఇంకో మంట పదార్థాన్ని. టోఫాసిటినిబ్ బిళ్ల అసలు బయోలాజిక్కే (బతికున్న కణాలతో చేయించే ప్రొటీన్ మందే) కాదు, వేరే జాతి. మీది ఏ మందో తెలిస్తేనే దానికి ఏ జాగ్రత్తో తెలుస్తుంది.

అయితే టీఎన్ఎఫ్ మన శత్రువేమీ కాదు. ఒంట్లో దానికి అప్పజెప్పిన పనుల్లో ముఖ్యమైనది టీబీ క్రిమిని కాపలా కాయడం. టీబీ సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. చాలామందిలో రోగనిరోధక కణాలు క్రిములను చంపలేకపోయినా, చుట్టూ మూగి బిగించి, మంద చుట్టూ వేసిన ముళ్లకంచెలాగా, బయటికి రాకుండా ఉంచుతాయి. ఆ కంచె ఊడిపోకుండా నిలబెట్టేది టీఎన్ఎఫ్. దాన్ని ఆపితే కీలు చల్లబడుతుంది, కంచె కూడా వదులవుతుంది. 2001లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడాక టీబీ బయటపడిన 70 మంది వివరాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. సగానికి పైగా కేసుల్లో అది ఊపిరితిత్తులకే పరిమితం కాలేదు. ఎక్కువమందిలో మందు మొదలెట్టిన తొలి కొన్ని నెలల్లోనే బయటపడింది.

మన సంగతి చూస్తే, 2019-21లో జరిగిన జాతీయ టీబీ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 31 శాతం మందిలో టీబీ సోకిన ఆనవాలు కనిపించింది. దగ్గు లేదు, జ్వరం లేదు, మా వంశంలోనే లేదు అని రోగి ఎంత నమ్మకంగా చెప్పినా డాక్టరు పరీక్ష మానడు, మానకూడదు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. దాంతో పాటు మాంటూ పరీక్షో, ఇగ్రా అనే రక్త పరీక్షో, ఒక్కోసారి రెండూనో చేస్తారు. మాంటూలో ముంజేతి చర్మంలోకి చిన్న చుక్క ఎక్కిస్తారు. 48 నుంచి 72 గంటల మధ్య తిరిగి వెళ్లి చూపించాలి. ఆత్మకూరు నుంచో పులివెందుల నుంచో వచ్చినవారు, ఎర్రబడలేదు కదా మళ్లీ ఎందుకులే అని ఇంటి దగ్గరే ఉండిపోతే ఆ పరీక్ష వృథా. అక్కడ కొలిచేది ఎరుపును కాదు. వేలితో తడిమి, గట్టిపడ్డ భాగం ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి చూస్తారు. మామూలుగా 10 మిల్లీమీటర్లను లెక్కలోకి తీసుకుంటే, ఇలాంటి మందుల వారికి 5 వచ్చినా పట్టించుకుంటారు. అప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే ఆ గడ్డ ఎదగకపోవచ్చు, కాబట్టి వాడే ప్రతి మందూ చెప్పాలి. ఊళ్లో వాతానికని ఇచ్చే పొడి పొట్లాలు కూడా ఆ లెక్కలోవే. వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో పాత సంగతే.

పరీక్షలో ఆనవాలు తేలితే సూది ఇక రాదని కాదు. ముందు జబ్బుగా మారిన టీబీ లేదని నిర్ధారించుకుంటారు. తర్వాత నివారణ మందు మొదలెడతారు: ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి. ఇది మొదలై కనీసం నెల గడిచాక బయోలాజిక్ సూదికి దారి తెరుస్తారు. ఈ నెల రోజులు చాలామందికి నరకం, నొప్పి అక్కడే ఉంటుంది కదా. అయినా ఆగాల్సిందే. జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమం మార్గదర్శకాల్లో యాంటీ టీఎన్ఎఫ్ మందు మొదలెట్టేవారు కూడా ఉన్నారు. అంటే ఈ నివారణ మందుల కోసం ప్రభుత్వ ఆసుపత్రి టీబీ విభాగాన్ని అడగవచ్చు. మెథోట్రెక్సేట్, ఐసోనియాజిడ్ రెండూ కాలేయం మీద భారం వేస్తాయి. మధ్యలో లివర్ పరీక్షలు తప్పవు, మద్యం పూర్తిగా మానాలి.

అన్నీ బాగున్నాయని తేలినా ఆ తర్వాత టీబీ రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కొత్తగా సోకవచ్చు. సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, రాత్రి చెమటలు, మెడలో గడ్డలు, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే తదుపరి సూది ఆపి డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా టీబీ తేలితే మీకు లక్షణాలు లేకపోయినా చెప్పాలి.

హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా ఇందుకే. నిద్రపోతున్న హెపటైటిస్ బీ వైరస్ ఈ మందులతో లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. గుండె బలహీనత, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి నరాల జబ్బు, గతంలో క్యాన్సర్ ఉన్నవారు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. వారికి వేరే మందు చూస్తారు.

జ్వరం వచ్చిన రోజు సూది వేసుకోకూడదు. వాన కాలంలో వచ్చే జ్వరం డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. ఏదో తేలేదాకా ఆగాలి. అలాగే కీళ్లనొప్పికి అలవాటుగా వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. పెద్ద ఆపరేషన్ ఉంటే సూదికి ఎప్పుడు విరామం ఇవ్వాలో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి. పన్ను పీకించుకునే ముందైనా డెంటిస్టుకు మందు పేరు చెప్పండి. గొర్రెలు, మేకలు ఉన్న ఇళ్లలో పచ్చి పాలు తాగే అలవాటుంటే మానుకోండి. లిస్టీరియా, బ్రూసెల్లా లాంటి క్రిములు ఆ పాలలో ఉండొచ్చు. వంకాయ, చింతపండు, గోంగూర మానేయాలన్న పథ్యానికీ ఈ సూదికీ మాత్రం ఏ సంబంధమూ లేదు. ఇష్టమైతే తినండి.

టీకాల్లో చచ్చిన క్రిములతోనో వాటి భాగాలతోనో చేసినవి, ఏటా వేసే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా లాంటివి వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. బతికున్న క్రిములను బలహీనపరచి చేసినవి వద్దు. దీనికి మన దగ్గర ఎవరికీ తట్టని ఒక కోణం ఉంది. గర్భం చివరి నెలల్లో తల్లి అడలిముమాబ్ వాడితే అది మావి దాటి బిడ్డ రక్తంలోకి వెళ్లి, పుట్టాక కూడా నెలల పాటు ఉంటుంది. మన ప్రసూతి ఆసుపత్రుల్లో బిడ్డ పుట్టీపుట్టగానే వేసే బీసీజీ బతికున్న టీకా. కాన్పు గదిలో నర్సు తన అలవాటు ప్రకారం వేసేస్తుంది. ఆమె తప్పు లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి కాన్పు ఫైలు మొదటి పేజీ మీదే, తల్లి ఫలానా సూది ఫలానా నెల దాకా వాడింది, బీసీజీకి ముందు పిల్లల డాక్టరును అడగండి అని రాయించాలి. సాధారణంగా ఆరు నెలలు ఆగమంటారు. గర్భం కోరుకునేవారు భయపడి సూదిని తమంతట తామే ఆపక్కర్లేదు. ప్రణాళిక వేసుకుని నడవొచ్చు. ముందుగా ఆపాల్సింది మెథోట్రెక్సేట్, అదీ గర్భం దాల్చడానికి కొన్ని నెలల ముందే.

రెండో సంగతికి వద్దాం. ఆస్పిరిన్ అణువులో ఉండేవి 21 పరమాణువులు. అడలిముమాబ్ దానికంటే 800 రెట్లకు పైగా బరువైనది. 1,300కు పైగా అమైనో ఆమ్లాలు వరుసగా కూడి, నిర్దిష్టంగా మడతపడితే తయారైన ప్రొటీన్ అది. దాన్ని ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి చేయరు, చైనా జాతి హామ్‌స్టర్ (ఎలుక లాంటి జంతువు) కణాలను పెంచి వాటితో చేయిస్తారు. నోటితో మింగితే కడుపు దాన్ని కందిపప్పును అరిగించినట్టే అరిగించేస్తుంది. అందుకే బిళ్ల లేదు, సూదే దిక్కు. వేడికి ఆ మడతలు విడిపోతే మందు పనిచేయదు. పైగా చెడిన ప్రొటీన్‌ను శరీరం పరాయిదిగా గుర్తించి దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకునే ప్రమాదమూ ఉంది.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అడలిముమాబ్‌ను మొదట తెచ్చిన కంపెనీ పత్రం 25 డిగ్రీలకు మించని చోట 14 రోజుల వరకు బయట ఉంచవచ్చంటుంది. ఇది చదివి, గది ఉష్ణోగ్రతలో రెండు వారాలు ఉంచొచ్చట అనుకునేవారున్నారు. ఏ గది? కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటడం మామూలే. పైకప్పు సలసలమనే ఇంట్లో 25 డిగ్రీల గది కావాలంటే ఏసీ నడుస్తూనే ఉండాలి. ఆ వెసులుబాటు మనకు లేదనుకోవడమే మంచిది. పైగా ఒక్కో కంపెనీ మందుకు రోజుల లెక్క వేరు. మీ పెట్టె మీద ఉన్నదే మీకు ప్రమాణం.

వేడిలాగే మందును చెడగొట్టేది గడ్డకట్టడం, అదీ జాగ్రత్త ఎక్కువై. చాలా ఇళ్లలో ఉండేది ఒంటి తలుపు ఫ్రిజ్. దాంట్లో ఐసు గది కింద ఉండే ట్రే చల్లదనం సున్నాకు దిగుతుంది. విలువైన మందు కదా, బాగా చల్లగా ఉండాలని అక్కడ పెడతారు. పొద్దునకు సిరంజిలో ద్రవం గడ్డ. కరిగాక చూస్తే నీళ్లలా స్వచ్ఛంగానే ఉంటుంది, కానీ అది ఇక మందు కాదు, పారేయాల్సిందే. తలుపు అరలో పెడితే తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా, అట్టపెట్టెలోనే ఉంచాలి. వెలుతురు కూడా పడకూడదు. చవకైన థర్మామీటర్ ఒకటి పక్కన పెట్టుకుంటే అనుమానమే ఉండదు. కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉన్న ఫ్రిజ్ కొన్ని గంటలు చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది.

ప్రయాణంలో థర్మోకోల్ పెట్టె, జెల్ ప్యాకులు. ఇక్కడ కూడా జెల్ ప్యాక్ సిరంజి పెట్టెకు నేరుగా ఆనకూడదు, మధ్యలో మడిచిన గుడ్డో అట్టో ఉండాలి. హైదరాబాదు నుంచి కర్నూలుకు, బెంగళూరు నుంచి అనంతపురానికి 200 కిలోమీటర్లకు పైనే. మధ్యాహ్నం బస్సు ఎక్కి పెట్టెను డిక్కీలో వేయడం కంటే, మీ ఊరి మందుల షాపులోనే తెప్పించుకోవడం నయం. అయితే షాపు వాళ్లు దాన్ని ఫ్రిజ్ నుంచి తీసి ఇస్తున్నారా, కౌంటరు మీది బుట్టలోంచి ఇస్తున్నారా అని మాత్రం కళ్లారా చూడండి.

వేసుకోవడం అంత కష్టం కాదు. సాధారణ మోతాదు 40 మిల్లీగ్రాములు, రెండు వారాలకు ఒకసారి. మొదటిసారి నర్సు ఎదుట వేసుకోండి. సూదికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీసి మామూలు నీడలో ఉంచాలి. చల్లగా వేస్తే మండుతుంది. తొందరపడి వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం, ఊపడం వద్దు. ద్రవం తేటగా ఉండాలి. మసకగానో, లోపల పొరలు తేలుతూనో ఉంటే వాడకండి. చిన్న గాలి బుడగ ఉన్నా ఫరవాలేదు. పొట్ట మీద, బొడ్డుకు మూడు వేళ్ల దూరం వదిలి, లేదా తొడ ముందు భాగంలో వేసుకోవచ్చు. ప్రతిసారీ చోటు మారాలి. స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి, చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి, చూపించిన వాలులో గుచ్చి నెమ్మదిగా నొక్కండి. తర్వాత రుద్దకండి. అక్కడ ఎరుపు, దురద రెండు మూడు రోజులు ఉండొచ్చు. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి అందకపోవడం వస్తే వెంటనే ఆసుపత్రికి. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టకుండా, మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి నిండాక ఆసుపత్రిలో ఇవ్వండి. చెత్తబండిలో వేస్తే గుచ్చుకునేది మున్సిపాలిటీ కార్మికుడి చేతికి.

ధర ఎక్కువ కావడానికి కారణమూ ఆ ప్రొటీనే. కణాలను పెంచడం, శుద్ధి చేయడం, చలిలో మోసుకెళ్లడం అంతా ఖర్చే. ఇందులో మన దేశానికి కాస్త ఊరట ఉంది. ప్రపంచంలో మొదటి అడలిముమాబ్ బయోసిమిలర్‌ను (అసలు మందును పోలేలా వేరే కంపెనీ చేసేదాన్ని) జైడస్ క్యాడిలా 2014 డిసెంబరులో ఇక్కడే విడుదల చేసింది. అమెరికా అంగట్లోకి అలాంటివి 2023లో గానీ రాలేదు. బయోసిమిలర్ అంటే నకిలీ కాదు. బతికున్న కణాలు చేసే ప్రొటీన్ కాబట్టి అక్షరాలా ఒకటే అని ఎవరూ అనలేరు. పనిలో, భద్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరీక్షల్లో చూపించాకే అనుమతి వస్తుంది. అయితే షాపులో ఈ నెల ఒక కంపెనీది, వచ్చే నెల ఇంకో కంపెనీది ఇస్తే ఊరుకోకండి. మార్చేది డాక్టరు మాత్రమే. ప్రతిసారీ పెట్టె మీది బ్యాచ్ నంబరు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి.

రెండు వారాలకొకటి అంటే ఏడాదికి 26 సూదులు. మొదలెట్టే ముందే ఆ లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవాలి. బీమా, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర పథకం వివరాలు, కంపెనీ రాయితీలు, అన్నీ అడగాలి. డబ్బున్న నెల వేసుకుని, లేని నెల మానేసే పద్ధతి అన్నిటికంటే చెడ్డది. మందు రక్తంలో తగ్గి, మళ్లీ పెరిగి, మళ్లీ తగ్గితే శరీరం దాని మీద యాంటీబాడీలు పెంచుకునే అవకాశం ఎక్కువ. తర్వాత డబ్బు సమకూరినా మందు పనిచేయకపోవచ్చు. మెథోట్రెక్సేట్ కొనసాగించడానికి ఒక కారణం ఇదే, అది ఆ యాంటీబాడీలను తగ్గిస్తుంది. ఖర్చు భరించలేకపోతే ఆ మాట డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి. వేరే దారులున్నాయి.

ఇది నొప్పి బిళ్ల కాదు, వేసిన రాత్రే తేడా తెలియాలని ఎదురుచూడకండి. కొందరికి రెండు మూడు వారాల్లో పొద్దుటి బిగువు తగ్గడం మొదలవుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. అప్పటికే వంకరపోయిన వేలు మాత్రం నిటారు కాదు. మూడు నుంచి ఆరు నెలల్లో ఫలితం లేకపోతే ఇంకో రకం బయోలాజిక్‌కు మారుస్తారు.

బాగున్నాక జీవితాంతం ఇలాగే వేసుకోవాలా అని అందరూ అడుగుతారు. జబ్బు నెలల తరబడి పూర్తిగా అణిగి ఉంటే డాక్టర్లు ముందు స్టెరాయిడ్ మాన్పిస్తారు. ఆ తర్వాతే సూదుల మధ్య ఎడం పెంచుతారు, రెండు వారాలది మూడు వారాలకు, అలా. ఒక్కసారిగా ఆపేసినవారిలో చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. ఎడం పెంచే ఆ నెలల్లో వంటింటి క్యాలెండరు మీద రోజూ ఒక అంకె వేయండి: పొద్దున లేచాక వేళ్లు వదులు కావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. ఆ అంకె వారం పాటు పెరుగుతూ పోతే, అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఓపిక పట్టకుండా డాక్టరుకు ఫోను చేయండి.